పళ్లెములోని పాట, ప్రవాహములోని పాట

పాడువారి కంఠమునకును వినువారి చెవికిని నడుమ పూర్వకాలమున గాలి యొక్కటియే యుండెడిది. దేవాలయ మంటపమున గాని రాజసభలో గాని పాట జరుగునప్పుడు దగ్గఱ కూర్చున్నవారికి స్ఫుటముగను, దూరమున నిలిచినవారికి కొంత తగ్గియు వినబడెడిది. అంతియే భేదము. నేటి గృహిణి సంగతి యట్లు కాదు. మైకు, కంప్యూటరు, పళ్లెము, సెల్‌ఫోను, స్పీకరు అను నిన్ని గడపలు దాటి పాట మన వంటయింటికి వచ్చుచున్నది. ఒక్కొక్క గడప యొద్ద ఏదో కొంత సుంకము చెల్లింపక తప్పదు. ఆ సుంకము ఎచ్చట నెంత పోవుచున్నదో యెఱిగిన యిల్లాలు తన యింటి సంగీతమును తక్కువ వ్యయముతోనే చక్కబఱచుకొనగలదు. ఆ యుద్దేశముతోనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సీడీ పళ్లెములు మేలా, సెల్‌ఫోనులో ప్రవాహమువలె వచ్చు స్ట్రీమింగు మేలా యను తర్కము విజయనగరమువారికి వట్టి వినోదము కాదు. ఈ యూర 1919 సంవత్సరమున మహారాజావారు సంగీత కళాశాలను నెలకొల్పిరి. హరికథా పితామహులని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు దాని ప్రథమాధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచ్చట వయొలినునకు ఆచార్యులై, 1936లో అధ్యక్షపదవి నందిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై, మధుకరము నెత్తి కడుపు నింపుకొనుచు చదివినదియు ఈ వీథులలోనే. 1935లో ఈ యూరనే జన్మించిన పి. సుశీలగారు ఆ కళాశాలలోనే శిక్షణ నందిరి. నాయుడుగారు 1964లోను, ఘంటసాలవారు 1974లోను గతించిరి. నేడు మా పిల్లలలో ఒక్కరును వారి నాదమును ముఖాముఖిగా వినినవారు లేరు. వారికి గురువు రికార్డే. ఆ రికార్డు ఏ రూపమున చెవి జేరినదో ఆ రూపమే వారికి ద్వారంవారు, ఆ రూపమే వారికి ఘంటసాల. కనుక రూపమును గూర్చి విచారించుట అవసరమే యని నా తలంపు.

మా యింట రమారమి రెండువందల సీడీలు కలవు. వానికొక బీరువా అఱ, ఒక వాయించు పెట్టె, ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు. క్రిందటి సంవత్సరము పెట్టె మొరాయింప సాగెను. పళ్లెమును మ్రింగును, త్రిప్పును, మరల వెలికి నెట్టును. బాగుచేయువాడు చూచి, "కిరణము పంపు కన్ను అరిగినదమ్మా, క్రొత్తది దొరకుట కష్టము" అని చెప్పెను. ఇంట మూడభిప్రాయములు బయలుదేఱెను. వయొలిను నేర్చుకొనుచున్న మా యమ్మాయి, "అన్నియు ఫోనులోనే యున్నవి గదా, ఆ అఱ నాకిచ్చినచో నా పుస్తకములు పెట్టుకొందును" అనెను. మా యత్తగారు, "పెట్టెలో పాడినట్లు ఫోనులో పాడదే అమ్మా! ఆ పాటకు ఒళ్లుండదు" అనిరి. మావారు బడిపంతులు. ఏ మాటయు పరీక్షింపక యొప్పుకొనువారు కారు. "ఇది నమ్మకముల పని కాదు, చెవుల పని. చెవులనే అడుగుదము" అనిరి.

పరీక్షకు ముందు ఈ రెంటి మర్మమును కొంత తెలిసికొనవలెను. మన పెద్దలు స్థాలీపులాక న్యాయమని యొకటి చెప్పుదురు. కుండలోని యొక మెతుకును పట్టి చూచి అన్నమంతయు ఉడికినదో లేదో తెలిసికొందుము. సీడీ చేయు పని యదియే. ధ్వని యనగా గాలి యొక్క ఊగులాట. ఆ యూగులాటను క్షణమునకు 44,100 మాఱులు పట్టి చూచి, ప్రతి మాఱును దాని యెత్తును 65,536 మెట్లలో ఒక మెట్టుగా గుర్తించి, ఆ సంఖ్యలను పళ్లెముపై సన్నని గుంటలుగా అచ్చువేయుదురు. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి యని రెండు వరుసలు. మానవుని చెవి మిక్కిలి మంచిదైనను క్షణమునకు 20,000 కంపనములకు మించిన నాదమును వినజాలదు. ఒక్కొక్క కంపనమునకు రెండు మెతుకులకంటె నెక్కువ పట్టి చూచినచో దాని రూపమంతయు మరల కట్టవచ్చునని గణితశాస్త్రము నిరూపించినది. అందువలననే 44,100 అను నా సంఖ్య. సోనీ, ఫిలిప్సు అను రెండు సంస్థలు కలసి నిర్ణయించిన ఈ పద్ధతి 1982లో జపాను దేశమున మొదట అంగడి కెక్కినది.

లెక్క కట్టినచో సీడీలో క్షణమునకు 14,11,200 బిట్లు ప్రవహించును. గంట పాటకు దాదాపు 635 మెగాబైట్లు. స్ట్రీమింగు సంస్థలు ఇంతటి మూటను గాలిలో పంపుట కష్టమని దానిని కుదించి పంపుదురు. సాధారణముగా క్షణమునకు 96, 160, 320 కిలోబిట్లని మూడంతస్తులు. మిక్కిలి పైదియైన 320లో గంట పాట 144 మెగాబైట్లలో ఇముడును; అనగా సీడీలో నాలుగవవంతునకు లోపలనే. అడుగుదైన 96లో గంటకు 43 మెగాబైట్లే, సీడీలో దాదాపు పదునైదవవంతు.

ఇంత కోసివేసిన పిమ్మట పాట యెట్లు మిగులునని మీకు సందేహము కలుగును. నాకును కలిగెను. దీనికి సమాధానము ఆకాశమున కలదు. పగలు నక్షత్రములు లేకపోలేదు. సూర్యుని వెలుగులో కానరావు. అట్లే మృదంగముపై గట్టి దెబ్బ పడిన నిమేషమున దాని ప్రక్కనున్న సన్నని నాదములు చెవికి తెలియవు. కుదించు యంత్రము ఆ తెలియని నక్షత్రములను ఏఱి పాఱవేయును, తెలిసెడి సూర్యుని ఉంచును. పాలను నీటిని వేఱుచేయు హంసవంటిదన్న మాట. అయితే ఈ హంసకు చాలినంత చోటిచ్చినచో నీరే తీసివేయును. చోటు మఱీ తగ్గించినచో నీటితోపాటు పాలును తోడివేయును. ఎంత చోటిచ్చినచో పాలు మిగులునన్నదే మేము పరీక్షింపదలచిన విషయము.

మావారు పరీక్షను ఏర్పఱచిన విధమును కొంచెము వివరింపవలెను. ఎవరైన తమ యింట చేసికొనదలచినచో ఉపయోగించును. మా సీడీలనుండి మూడింటిని కంప్యూటరులోనికి ఉన్నదున్నట్లు ఎత్తిరి. ఒకటి హరికథ, ఒకటి తంబురా శ్రుతిపై ఒంటి వయొలిను, ఒకటి ఘంటసాలవారి భగవద్గీత. ఆ యెత్తినదానినే మూడంతస్తులుగా కుదించిరి. నేరుగా స్ట్రీమింగు పాటతో పోల్చక ఇట్లేల చేసితిరని అడిగితిని. "ఫోనులో వచ్చు పాట వేఱొక మూలప్రతినుండి వచ్చియుండవచ్చును. అప్పుడు మనము కుదింపును కాక ప్రతులను పోల్చినవారమగుదుము" అనిరి. అన్నిటిని ఒకే తీగనుండి ఒకే ఆంప్లిఫయరునకు పంపి, గట్టితనము సమానముగా నుండునట్లు సరిచేసిరి. ఇది ముఖ్యము. కొంచెము గట్టిగ వినబడినదే మంచి పాటయని చెవి భ్రమపడును. ఒకే కూర రెండు గిన్నెలలో పెట్టి ఒకదానిలో ఉప్పు కొంచెము హెచ్చించినట్లు. పిమ్మట తెర కట్టి, మాకు తెలియకుండ పది మాఱులు మార్చి మార్చి వినిపించి, ఏది పూర్ణము, ఏది కుదించినది చెప్పుడనిరి. కన్నులు మూసికొని రూపాయి ఎగురవేసినను పదింట అయిదు సరిపడును. కనుక అయిదు వచ్చినచో తెలియలేదనియే యర్థము.

96 అంతస్తులో హరికథను వినునప్పుడు మా యమ్మాయి పదికి పదియు చెప్పినది. నేను తొమ్మిది. పట్టియిచ్చినవి కంఠమును కాదు, వయొలినును కాదు. దాసుగారి చేతిలోని చిడతలును కాలి గజ్జెలును. ఆ లోహనాదము ఒక్క పెట్టున పుట్టి వేయి కంపనములుగా చెదరును. కుదించిన దానిలో చిడత మ్రోగుటకు ముందే ఏదో బుసవంటిది పొడసూపెను. గజ్జెలు గలగలలాడుటకు మాఱు, తడిసిన చీర నేలనీడ్చినట్లు చప్పుడయ్యెను. వయొలిను పాటలో తంబురా జీవ యున్నది చూడుడు, ఆ తీగ క్రింద నూలుపోగు చక్కగ కుదిరినప్పుడు కలుగు ఝుంకారము, అది నిలుకడ తప్పి సుడులు తిరిగెను. 160 అంతస్తులో అమ్మాయికి ఎనిమిది, నాకాఱు. 320 అంతస్తులో అమ్మాయికి ఆఱు, నాకయిదు. అనగా నాకేమియు తెలియలేదు; పదుమూడేండ్ల పిల్ల చెవికిని తెలిసినదని గట్టిగ చెప్పుటకు వీలులేదు.

అత్తగారికి అడుగంతస్తులో ఆఱు, నడుమ అయిదు, పైయంతస్తులో నాలుగు వచ్చెను. వయస్సు మీఱినకొలది చెవి పై స్థాయి నాదములను ముందుగా కోల్పోవునని వైద్యులు చెప్పుదురు. డెబ్బదేండ్లు దాటిన చెవికి చిడతల తళుకు తగ్గుట సహజమే. ఆమెకు మాత్రము తీర్పు నచ్చలేదు. "మఱి ఫోనులో పాటకు ఒళ్లు లేదని నాకు రోజును తెలియుచున్నదే! అది అబద్ధమా?" అని మావారిని నిలదీసిరి.

అబద్ధము కాదని మఱునాటి పరీక్షలో తేలినది. ఆ దినమున తీగ తీసివేసి, నిత్యము మేము వినునట్లే వింటిమి. ఫోనునుండి నేరుగా నొకమాఱు, బ్లూటూతు డబ్బానుండి నొకమాఱు. గోరంత స్పీకరు గల ఫోను మూడు నాలుగు వందల కంపనములకు దిగువనున్న నాదమును సరిగా పలుకజాలదు. మృదంగమున కుడి మూఁత వినబడును, తొప్పి గుంకారము వినబడదు. పురుషుని మంద్రస్థాయి సగము కరగిపోవును. వింత యేమనగా, మూలనాదము లేకున్నను దానిపై పుట్టు ఉపనాదములను బట్టి మనస్సు ఆ స్వరమును ఊహించి పూరించుకొనును. అందుచేత స్వరము తప్పదు, ఒళ్లు మాత్రము పోవును. అత్తగారి మాటకు ఇంతకంటె శాస్త్రీయమైన నిర్వచనము వెదకినను దొరకదు. ఇక బ్లూటూతు సంగతి. పాటను గాలిలో డబ్బాకు చేర్చుటకు అది సాధారణముగా మరల నొకమాఱు కుదించును. ఒకసారి వడకట్టిన కాఫీ గుండను రెండవమాఱు వడకట్టినట్లన్న మాట. ఆ ఫోనునే తీగతో ఆంప్లిఫయరునకు తగిలించి, పాట గుణమును పైయంతస్తునకు మార్చిన వెంటనే అత్తగారు, "ఇదిగో, ఇప్పుడు పెట్టెలో పాడినట్లున్నది" అనిరి. దోషము ప్రవాహమున లేదు. ప్రవాహము వచ్చి పడిన దొన్నెలో నున్నది.

ఇంతటితో సీడీల వ్యాజ్యము కొట్టివేయబడినదని అమ్మాయి సంతసించినది. కాని యత్తగారి చెవి వేఱొక నేరమును పట్టినది. ఆమె చిన్ననాట తమ పుట్టినింట గ్రామఫోనుపై వినిన పాట యొకటి మా సీడీలో కలదు. ఆ పాటనే ఫోనులో పెట్టగా, చిడతలు వినబడని ఆ చెవియే, "ఇది శ్రుతి పెరిగినది. ఆయన ఇంత పైకి పాడరు" అని చెప్పెను. అమ్మాయి వయొలిను తెచ్చి తీగ సవరించి చూచెను. నిజమే! ఒక స్వరస్థానములో సగము కొంచెము తక్కువగా హెచ్చియున్నది. పాత గ్రామఫోను పళ్లెములు నిమిషమునకు 78 చుట్లు తిరుగవలెనని మాట యున్నను, తొలినాళ్ల పళ్లెములు అన్నియు ఖచ్చితముగా ఆ వేగముననే ముద్రింపబడినవి కావు. ప్రతి తీయువారు 78కి మాఱు 80 చుట్లు త్రిప్పినచో చాలును, శ్రుతి అంతమేరకు పెరుగును, తాళము వడిగా నడచును. ఇది కుదింపు దోషము కాదు, ప్రతి దోషము. సీడీలోను ఉండవచ్చును, ప్రవాహములోను ఉండవచ్చును. అయితే ప్రవాహములో ఒకే పాటకు నాలుగైదు ప్రతులుండును. ఏది రికార్డునుండి వచ్చినదో, ఏది సినిమాచుట్టనుండి వచ్చినదో, దేనికి క్రొత్త వాద్యములు తగిలించిరో చెప్పు చీటి యుండదు. సీడీ యట్టపై సంవత్సరము, పక్కవాద్యముల వారి పేర్లు చాలవఱకు ముద్రించియుండును.

ఇట్టి పాత పాటలకు మఱియొక ఆపద కలదు. 78 చుట్ల పళ్లెమున ఒక ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి పాట పట్టదు. దానిలో సరసర చప్పుడు సహజము. ఆ చప్పుడును తుడుచు నుత్సాహమున కొందఱు వయొలిను కమాను తీగపై నొఱయు రాపిడినికూడ తుడిచివేయుదురు. అప్పుడు నాదము మైనపు పూతవలె నునుపెక్కును. వయొలిను నేర్చు పిల్లకు కమాను ఎచ్చట మరలినదో తెలుపునది ఆ రాపిడియే. దుమ్ముతోపాటు పుప్పొడి పోయినచో తుమ్మెదకేమి ప్రయోజనము? కనుక శాస్త్రీయసంగీతము నేర్చుకొను పిల్లలున్న యిండ్లలో, ఎన్ని బిట్లు వచ్చుచున్నవని యడుగుటకు ముందు, ఏ ప్రతినుండి వచ్చుచున్నదని యడుగవలెను.

స్థిరత్వమును గూర్చియు ఒక మాట. మేము తఱచుగా వినుచుండిన యొక కచ్చేరి ఒకనాడు ఫోనులో వెదకగా కనబడలేదు. పాటల హక్కు గలవారికిని వినిపించు సంస్థకును ఒడంబడిక ముగిసినచో ఇట్లగుట కలదట. నెలనెల రుసుము చెల్లించువారు పాటను కొనుట లేదు, వినుటకు అనుమతి కొనుచున్నారు. అద్దెయింట గోడకు మేకు కొట్టుటకు సంశయించినట్లే, అట్టి పాటపై మమకారము పెంచుకొనుటకును సంశయింపవలసియున్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన తీరమును తాకినప్పుడు మా వీథిలో విద్యుత్తు లేక, ఫోను సంకేతములు లేక దినములు గడచినవి. ఆ చీకటి రాత్రులలో టార్చిలైటు సెల్లులతో నడచు చిన్న వాయింపుడు డబ్బాలో అత్తగారు గీత పళ్లెము పెట్టగా, ఇరుగుపొరుగు పిల్లలు చాపలు తెచ్చుకొని మా అరుగుపై కూర్చుండిరి. ఘంటసాలవారి మరణానంతరము వెలువడిన ఆ రికార్డు, వారు చదివిన యూరిలో, దీపము లేని రాత్రి అందఱకును ధైర్యము చెప్పినది.

అయినను ఈ వాదములన్నిటికంటె నన్ను కదల్చినది వేఱొకటి. బీరువా అఱలో అట్టపై ముద్రలేని సీడీ యొకటి కలదు. మా నాన్నగారు నాకు ఇంటనే భాగవతమును, ప్రబంధములను చెప్పినవారు. 2006లో మా బంధువొకరు వారు పద్యములు చదువుచుండగా రికార్డు చేసి, ఆ పళ్లెముపై వ్రాయించి యిచ్చిరి. 2013లో నాన్నగారు గతించిరి. వారి కంఠము ప్రపంచమున ఆ పళ్లెమునందు దక్క మఱెచ్చటను లేదు. ఏ ప్రవాహమును దానిని నాకు తెచ్చియీయజాలదు. పరీక్షకొఱకు అఱ దింపిన నాడు దానిని కంప్యూటరులో పెట్టితిమి. నలువది నిమిషముల వఱకు నిర్మలముగ నడచినది. పిమ్మట టిక్కు టిక్కుమని తడబడెను. చివరి పద్యమున కంఠము ముక్కలైపోయెను.

కారణము మావారు వివరించిరి. అంగడిలో కొను పాటల సీడీ అచ్చుపోసినది. గుంటలపై అల్యూమినియపు పూత యుండును. ఇంట వ్రాసికొను సీడీ యట్టిది కాదు. దానిలో నొక రంగుపూత యుండును. కిరణము ఆ రంగును అక్కడక్కడ మార్చి సంఖ్యలను వ్రాయును. చీరయద్దకమువలెనే ఆ రంగును ఎండకు, వేడికి, తేమకు వెలయును. సీడీ లోపలినుండి వెలుపలికి చదువబడును గనుక పాట చివర అంచుననుండును. అంచునకే గాలియు వ్రేళ్లును ముందు తగులును. చిన్న గాయములను సవరించుకొను ఉపాయము సీడీలోనే కలదు. గీత వెంబడి రెండున్నర మిల్లీమీటర్ల మేర చెడినను లెక్కకట్టి పూరించుకొనగలదు. అంతకు మించినచో దాని వలన గాదు. మావారు మూడు రాత్రులు కూర్చుండి, వేర్వేఱు కంప్యూటర్లలో, మెల్లని వేగమున, మరల మరల చదివించిరి. ఒక యంత్రము చదువలేని చోటును మఱియొకటి చదివినది. కడకు చివరి పద్యములో ఒక్క పాదము తప్ప తక్కినదంతయు దక్కినది. ఆ పాదము నాకు నోటికి వచ్చును. నాన్నగారు ఆగినచోట నేనందుకొని, వారు మరల మొదలిడువఱకు చదువుచుందును. అమ్మాయి అది విని, అఱ తనకు వలదనినది.

ఇక మా యింట జరిగిన ఏర్పాటును చెప్పి ముగింతును. పెట్టెను బాగుచేయించుట మానితిమి; కంప్యూటరునకు తగిలించు చిన్న సీడీ డ్రైవును కొంటిమి. పళ్లెములన్నిటిని ఒక్కొక్కటిగా, ఏమియు పోని కుదింపు పద్ధతిలో ఎత్తుచున్నాము. ఈ పద్ధతిలో మూట రమారమి సగమగును గాని, విప్పినప్పుడు ఒక్క సంఖ్యయు తప్పక మొదటి సీడీయే లభించును. అట్టి సంపూర్ణమైన పాటలనే ప్రవాహముగా పంపుటకు కొన్ని సంస్థలు మొదలిడినవి. ఆపిల్ సంస్థ 2021లోను, స్పాటిఫై సంస్థ 2025లో కొన్ని దేశములందును. కనుక బిట్ల లెక్కలో పళ్లెమునకును ప్రవాహమునకును గల వైరము తీరుచున్నదనియే చెప్పవచ్చును. క్రొత్త పాటలు, ఒకమాఱు విని విడిచెడి పాటలు ఫోనులోనే వినుచున్నాము, కాని తీగతో. నాన్నగారి పాఠము మాత్రము మూడు చోట్ల దాచితిమి: ఒకటి ఇంట, ఒకటి మా తమ్మునియింట, ఒకటి దూరమున నెచ్చటనో యుండు కంప్యూటరు కొట్టులో.

సోదరీమణులకు నా మనవి యిది. మీ ఫోనులో పాట గుణము ఏ యంతస్తున నున్నదో ఒక్కమాఱు తెఱచి చూడుడు. డేటా పొదుపు నిమిత్తము అది అడుగంతస్తుననే యుండవచ్చును. వంద రూపాయల స్పీకరుతో వినుచు లక్ష రూపాయల గుణమును కోరవలదు. పాత ఆంప్లిఫయరు ఇంట నున్నచో దానికొక తీగ తగిలించుడు. సీడీని తుడుచునప్పుడు గుండ్రముగ త్రిప్పి తుడువక, నడుమనుండి అంచునకు నిలువుగ, మెత్తని గుడ్డతో తుడువుడు. గుండ్రని గీత పాట బాటవెంబడి పోవును గనుక ఎక్కువ చెఱుపు చేయును. అంగడిలో కొన్న పళ్లెములు తేమలేని బీరువాలో నిలువుగ నుంచినచో చిరకాలము మన్నును. ఇంట వ్రాసినవి యట్లు కావు. పెండ్లి మంత్రములో, తాతగారి హరికథయో, అమ్మమ్మ లాలిపాటయో ఏ పేరులేని పళ్లెమున నున్నదో వెదకి, ఈ నెలలోనే దానిని వేఱొకచోటికి ఎత్తించుడు. పేరున్న గాయకుల పాటలను కాచుటకు పెద్ద సంస్థలున్నవి. మీ యింటి కంఠములను కాచువారు మీరు తప్ప వేఱొకరు లేరు.